సముద్రం వైపు ముక్క

మా మేనత్త తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఆమె సర్వి తోట బాధ్యత నా మీద పడింది. అప్పటిదాకా ఆ తోట నాకు చిన్నప్పుడు సెలవుల్లో వెళ్ళి ఆడుకున్న చోటు మాత్రమే. నేను బందరులో దస్తావేజులు రాస్తాను. రిజిస్ట్రేషను ఆఫీసు ఎదురు సందులో ఒక గది, కంప్యూటరు, ప్రింటరు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. జిల్లాలో ఎక్కడెక్కడి భూములో నా వేళ్ళ కింద చేతులు మారుతుంటాయి గాని, ఆ మట్టి నేను తొక్కింది తక్కువ.

తోట దివిసీమలో, కోడూరు దాటి ఇంకా సముద్రం వైపు వెళ్తే వస్తుంది. పన్నెండెకరాల ఇసుక నేల. సర్విని కొన్ని చోట్ల సరుగుడు అంటారు. డెబ్బై ఏడు ఉప్పెన వచ్చేనాటికి అత్తయ్య ఆ ఊరికి కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. ఆ రోజు ఏం జరిగిందో ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు తెలిసిందల్లా, ఆ తర్వాత కొన్నాళ్ళకు మామయ్యతో పోట్లాడి మరీ ఆ ఇసుకలో సర్వి నాటించిందని. మామయ్య పోయాక కూడా, పిల్లలు లేని మనిషి, ఆ చెట్లతోనే గడిపింది.

ఆమె పద్ధతి చుట్టుపక్కల ఎవరికీ లేదు. మిగతా రైతులు నాలుగైదేళ్ళు పెంచి, తోట మొత్తాన్ని ఒక్కసారే నరికించి లారీలకెత్తేవాళ్ళు. బాదులు, అంటే లావుపాటి నిలువు కర్రలు, ఇళ్ళ కట్టుబడికి, సన్నపు కర్ర కాగితం మిల్లుకు వెళ్ళేది. అత్తయ్య తోటను ఆరు ముక్కలు చేసింది. ఐదు ముక్కలు వంతులవారీగా, ఏడాదికి ఒకటి చొప్పున కోతకు వచ్చేవి. వేసవి ముందు నరికిన ముక్కలో వానలు దిగాక నారు పడి తీరాలి. రాలిన ఆకును పల్లె ఆడవాళ్ళు పొయ్యిలోకి ఊడ్చుకుపోతుంటారు. అత్తయ్య దాన్ని రెండు ముక్కల్లోనే ఊడ్వనిచ్చేది. మిగతా చోట్ల ఆకు నేల మీద పరుపులా పడి ఉండాలనేది, ఇసుకలో తడి నిలవడానికి. ఆరోది, సముద్రం వైపున్న చివరి రెండెకరాలు, అసలు కోతకే లేదు. అందులో వంగినవీ ఎండినవీ ఏరి తీయడమే. అక్కడి చెట్లు నా రెండు చేతులకూ అందనంత లావుండేవి.

తోటకు ఉత్తరాన ముప్పై నలభై గడపల పల్లె ఉంది. నరుకుళ్ళ మేస్త్రీ ఇల్లు అక్కడే. నా చిన్నప్పటి నుంచి అతన్ని బాబాయ్ అనే పిలుస్తాను. అత్తయ్య ఏ చెట్టు చూపిస్తే ఆ చెట్టే కొట్టేవాడు. తోట లోపలి సంగతులు ఆమె తర్వాత అతనికే తెలుసు.

"పదిహేను రోజులకోసారి ఆదివారం పూట వెళ్ళు," అంది అత్తయ్య, మా ఇంట్లో మంచం మీద నుంచి.

"వెళ్ళి ఏం చూడాలి అత్తయ్యా?"

"తలలు చూడు. మొదళ్ళు చూస్తే ఏమీ తెలీదు. చెట్టుకేదొచ్చినా ముందు తల మీదే కనపడుద్ది."

అలా వెళ్ళడం మొదలుపెట్టాను. ముందు మెడ నొప్పి పుట్టేది. తర్వాత అలవాటయింది. గాలికి ఏ చెట్టు ఎంత ఊగుతుందో, ఏది పచ్చగా ఉందో, ఏది వెలిసిందో చూసి వచ్చి ఆమెకు చెప్పేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని వినేది. "మూడో ముక్కలో పడమటి గట్టునున్న జంట చెట్లు ఎట్టా ఉన్నాయి?" అని అడిగేది. మంచంలో పడుకునే ఆమె తోటంతా తిరిగేది.

మా తోటకు పడమర పక్కనున్నదీ సర్వి తోటే. దాని ఆసామి నా ఈడువాడు, నన్ను అక్కా అంటాడు. ఒక ఉదయం మా గదికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తోట తీసేసి రొయ్యల చెరువులకు లీజుకు ఇస్తున్నానన్నాడు. అగ్రిమెంటు రాసిపెట్టమన్నాడు.

"అత్తయ్యగారితో చెప్పావా తమ్ముడూ?"

"చెప్తే ఏమంటారో తెలుసు కదక్కా. చెట్లను నమ్ముకుని ఇద్దరు పిల్లల్ని చదివించలేను. నీ చేత్తో రాస్తే మంచి జరుగుద్దనుకున్నాను."

రాశాను. హద్దుల దగ్గర "తూర్పు" అని కొట్టి, పక్కన మా అత్తయ్య పేరు కొట్టాను. వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత మామూలుగానే ప్రింటు తీసి ఇచ్చాను.

ఆ తోట తొమ్మిది రోజుల్లో పోయింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి జేసీబీలు మొదళ్ళు పెకలిస్తున్నాయి. మా తోటలోకి పడమటి ఎండ అంత లోపలిదాకా పడడం నేనెప్పుడూ చూడలేదు. నేల మీది ఆకు ఆ ఎండకు పెళుసెక్కి, అడుగు వేస్తే చిట్లుతోంది. మేస్త్రీ ఆ వెలుతురులో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడమర వైపు చూశాడు.

ఇంటికి వచ్చి చెప్పాక అత్తయ్య ఒక్కటే అడిగింది.

"ఆ కాయితం ఎవరు రాశారు?"

"నేనే అత్తయ్యా. నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారుగా."

"రాస్తారు," అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు తలలు ఎలా ఉన్నాయని అడగలేదు.

చెరువులు తవ్వారు, ఉప్పునీళ్ళు నింపారు. నీళ్ళను గిలకొట్టే చక్రాలు పగలంతా తిరిగేవి. తోటలో ఏ మూల నిలబడినా ఆ చప్పుడు వినిపించేది. ఆరేడు నెలలు ఏమీ కాలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఎవరిదో భాగపంపిణీ పత్రం రాస్తుండగా మేస్త్రీ ఫోను చేశాడు.

"అమ్మా, ఒకసారి రాగలవా? మూడో ముక్కలో నాలుగు చెట్లు ఎర్రబడ్డాయి."

"ఎండకా బాబాయ్?"

"ఎండకైతే నీకెందుకు ఫోన్ చేస్తాను?"

మర్నాడే వెళ్ళాను. పడమటి గట్టునున్న నాలుగు చెట్లకు తలలు తుప్పు రంగు తిరిగి ఉన్నాయి. చుట్టూ అన్నీ పచ్చగా ఉంటే ఆ నాలుగే అలా ఉన్నాయి. మేస్త్రీ నన్ను ఒక చెట్టు దగ్గరకు తీసుకెళ్ళి బెరడు మీద చెయ్యి పెట్టి చూపించాడు. అక్కడక్కడ బెరడు బొబ్బలెక్కినట్టు ఉబ్బి ఉంది. కత్తి మొనతో ఒక బొబ్బను చీల్చాడు. లోపలి నుంచి పొయ్యి మసి లాంటి నల్లటి పొడి రాలింది. గాలికి కొంత లేచి మా ఇద్దరి మధ్య తేలి, తోట లోపలికి పోయింది.

అతను చేతులు ఇసుకతో తోముకుని, బోరింగు దగ్గరకు వెళ్ళి రెండుసార్లు కడుక్కున్నాడు.

"నా చిన్నప్పుడు ఒకసారి చూశానిది. ఆ తోట మళ్ళీ లేవలేదు," అన్నాడు.

అడవి పంటల మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త నంబరు సంపాదించి ఫోటోలు పంపాను. ఆవిడ మంచి మనిషి, స్వయంగా వచ్చి చూసింది. మామూలు ఉప్పుగాలికి సర్వి జడవదనీ, వేళ్ళ దగ్గర ఉప్పునీరు ఊరుతుంటే మాత్రం నీరసించి ఇలాంటి తెగులుకు లోబడుతుందనీ చెప్పింది. ఎర్రబడిన చెట్లతో పాటు వాటి చుట్టూ ఉన్న మంచి చెట్లను కూడా ఒక వరస తీసేయాలి, వేళ్ళతో సహా తవ్వి అక్కడే కాల్చేయాలి, చుట్టూ నడుంలోతు కందకం కొట్టాలి, ఆ జాగాలో మళ్ళీ సర్వి పెట్టకూడదు. వెళ్ళే ముందు గట్టెక్కి పడమర చెరువుల వైపు చూసి, "గట్టు వెంబడి నీళ్ళు బయటికి పోయే కాలవ ఉండాలి కదండీ?" అంది. ఉండాలి. నేను రాసిన అగ్రిమెంటులో ఆ షరతు లేదు.

కందకం తవ్వించాం. పదహారు చెట్లు పడ్డాయి, మంటలో మొదళ్ళు రెండు రోజులు కాలాయి. ఆ పై ఆదివారం కందకానికి అవతల మూడు తలలు ఎర్రగా కనిపించాయి. మళ్ళీ తీశాం. మళ్ళీ ఇంకొంచెం అవతల కందకం కొట్టాం. వెళ్ళిన ప్రతిసారీ గట్టు మలుపు తిరిగే ముందు నా కాళ్ళు నెమ్మదించేవి. మలుపు తిరగ్గానే ఏ మూల ఎర్రగా కనబడుతుందోనని ఒక్క క్షణం తల దించుకుని నడిచేదాన్ని.

గుడివాడ నుంచి కలప డిపో ఆసామి కూడా వచ్చాడు. ఏటా మా బాదులు కొనేవాడు అతనే. మోసగాడు కాదు. చెట్టు మొదలు మీద వేలి కణుపులతో తట్టి చూసి, పెదవి విరిచాడు.

"అమ్మా, నా మాట వినండి. తెగులు తగిలిన తోటను ఎవరూ ఉంచరు. పన్నెండెకరాలూ ఒకేసారి కొట్టేద్దాం. కర్ర గట్టిగా ఉన్నప్పుడే నాకైనా పనికొచ్చేది. చచ్చాక పొయ్యిలోకే."

"సముద్రం వైపుదో?"

"అదే ముందు కొట్టాలండీ. అందులోనే కదా అసలైన కర్ర ఉంది."

ఆలోచించి చెప్తానన్నాను. నిజానికి అతని మాటలో తప్పేమీ కనబడలేదు.

అత్తయ్య తనను తీసుకెళ్ళమని పట్టుబట్టింది. అవనిగడ్డ దాకా కారులో, అక్కడి నుంచి మెల్లగా ఆటోలో తీసుకెళ్ళాను. తోట దగ్గర మేస్త్రీ, అతని భార్య ప్లాస్టిక్ కుర్చీతో సహా ఆమెను మోశారు. నాలుగో ముక్క దగ్గర దించమంది. మెడ ఎత్తి చాలాసేపు చూసింది. చెరువు చక్రాల చప్పుడు వింటూ, "ఇదెప్పుడూ ఇట్టాగే మోగుద్దా?" అని అడిగింది. తర్వాత నాలుగుకీ ఐదుకీ మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు కందకం కొట్టించమంది. దానికోసం రెండు వరసల పచ్చటి చెట్లు తీసేయాలి. తీసేయమంది.

"డిపో ఆయన మొత్తం కొట్టేద్దామంటున్నాడు అత్తయ్యా," అన్నాను.

"ఇవతల ఐదూ పోయినా పోనీ. సముద్రం వైపు ముక్క మీద చెయ్యి వెయ్యొద్దు. అది నా కోసం పెట్టింది కాదు," అని పల్లె వైపు చూసింది.

కందకం పూర్తయిన మూడు వారాలకు మేస్త్రీ నన్ను ఆరో ముక్కలోకి పిలిచి, ఒక పాత చెట్టు మీద చెయ్యి వేశాడు. బెరడు మీద బొబ్బలు.

"కందకం దాటి ఎట్టా వచ్చింది బాబాయ్?"

"ఇది వేళ్ళ మీద రాలేదమ్మా. గాలి మీద వచ్చింది."

ఆ రోజు చీల్చిన బొబ్బ నుంచి మసి గాలికి లేచి తోట లోపలికి పోవడం గుర్తొచ్చింది. ఈ సంగతి అత్తయ్యకు చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. ఆ పూట నేను ఇంటికి వచ్చి కందకం గురించి, కూలీల గురించి, బస్సు ఆలస్యం గురించి చెప్పాను. ఆమె కళ్ళు మూసుకోకుండా నా మొహం చూస్తూ వింది.

వానలు వెళ్ళే రోజుల్లో తుఫాను కబురు వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం, ఐదారు రోజుల్లో ఒడ్డు తాకవచ్చని టీవీలో చెప్తున్నారు. అప్పటికి ఆరో ముక్కలో ముప్పై దాకా చెట్లు నిలువునా ఎండి ఉన్నాయి. మేస్త్రీ ఫోనులో, "అమ్మా, చచ్చిన చెట్టు గాలికి పడితే ఊరికే పడదు. పక్కనున్న పచ్చటిదాన్ని కూడా తీసుకుపోద్ది. డిపో వాళ్ళు లారీలు పంపుతామంటున్నారు. నాలుగు రోజుల్లో ముక్కంతా ఖాళీ చేస్తారంట. ఏం చెయ్యను?" అన్నాడు.

నేను అత్తయ్య మంచం పక్కన కూర్చున్నాను.

"నీకొకటి చెప్పలేదు," అన్నాను.

"తెలుసు. నెలన్నర నుంచి ఆరో ముక్క పేరెత్తడం మానేశావు. ఎన్ని?"

"ముప్పై."

ఆమె దుప్పటి అంచును వేళ్ళతో మడత పెట్టింది, విప్పింది. ఆ ముఖంలో కోపం కోసం చూశాను. కనబడలేదు.

"ఏం చెయ్యమంటావు అత్తయ్యా?"

"నన్నడక్కు. నేను చూసి ఎన్నాళ్ళయింది? ఇప్పుడు చూసే కళ్ళు నీవి."

అంత భయం నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు. ఒక మాట తప్పయితే నాకు పోయేది చెట్లే. బాబాయికి పోయేది ఇల్లు. అతనికే ఫోను చేసి, లారీలు వద్దన్నాను. ఎర్రబడినవి మాత్రమే, అవీ నడుం ఎత్తున కొట్టండి, మొదళ్ళు కదిలించొద్దు, ఇసుక వదులవుతుంది, పచ్చగా ఉన్నదాని మీద గొడ్డలి పడకూడదు అన్నాను. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే అత్తయ్య గొంతులా వినిపించింది. మాటలు అవే, ధైర్యం మాత్రం లేదు.

మేస్త్రీ ఏడుగురు మనుషులతో మూడు రోజులు కొట్టాడు. నాలుగో రోజు తీరం ఖాళీ చేయమని అధికారులు వచ్చారు. పదకొండు ఎండు చెట్లు అలాగే ఉండిపోయాయి.

తుఫాను పగటిపూటే వచ్చింది. బందరులో మా వీధి కొబ్బరిచెట్లు నేలకు వంగి లేస్తున్నాయి. కరెంటు లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మేస్త్రీ తుఫాను షెల్టరు నుంచి మాట్లాడాడు. గాలి హోరులో సగం మాటలు వినబడలేదు. "సముద్రం వైపు ఏవో విరుగుతున్నాయమ్మా... చప్పుడు మాత్రం వినపడతా ఉంది..." అన్నాడు. ఫోను ఆగిపోయింది. అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని, సాయంత్రం దాకా కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. అన్నం ముట్టలేదు. ఒకసారి మాత్రం, ఎవరితో అన్నదో గాని, "చెట్టును గట్టిగా పట్టుకోండి," అంది.

మూడో రోజు వెళ్ళగలిగాను. ఆఖరి రెండు మైళ్ళూ నడిచాను. పల్లెలో కొన్ని ఇళ్ళ రేకులు లేచిపోయాయి, ఒక గోడ పడింది. మనుషులందరూ ఉన్నారు. మేస్త్రీ ఇంటి కప్పు ఒక మూల మాత్రం లేచింది. అతను నన్ను ఆరో ముక్కలోకి తీసుకెళ్ళాడు. వదిలేసిన పదకొండు చెట్లలో తొమ్మిది పడ్డాయి, పడుతూ ఇరవై దాకా పచ్చటి చెట్లను పడగొట్టాయి. మిగతావి నిలబడి ఉన్నాయి. వాటి వెనక ఇసుక మోకాలెత్తు మేట వేసింది. అవి లేకపోతే ఆ ఇసుక, దాన్ని తోసిన గాలి ఎక్కడిదాకా వచ్చేవో అని ఇద్దరం పల్లె వైపు చూశాం. నాకు ఏడుపొచ్చింది.

"ఏడవకమ్మా, ఇంకా చూడాల్సింది ఉంది," అన్నాడు మేస్త్రీ.

మూడు, నాలుగు ముక్కల్లో చెట్ల కింద నీళ్ళు మెరుస్తున్నాయి. సముద్రం అక్కడిదాకా రాలేదు. ఆ నీళ్ళు పడమర నుంచి వచ్చాయి. చెరువు గట్టు రెండు చోట్ల తెగి, ఉప్పునీళ్ళన్నీ తోటలోకి దిగాయి. మోకాళ్ళ ఎత్తున కొమ్మలకు, ఆకుల్లో, చచ్చిన రొయ్యలు చిక్కుకుని ఉన్నాయి. ఆ కంపుకు ముక్కు మూసుకున్నాను. గాలి ఆగిపోయింది, చక్రాలూ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ తోటలో నేను మళ్ళీ వినకూడదనుకున్నాను.

తెగిన గట్టు మీద పక్క తోట ఆసామి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"లీజుదారు ఫోన్ ఎత్తట్లేదక్కా. నా నేల అంతా ఉప్పయిపోయింది. మీ మీదకీ వచ్చింది. తిట్టు, పడతాను."

తిట్టడానికే గట్టెక్కాను. కాని అతని పాదాలు బురదలో నానినాని తెల్లగా ఉబ్బి ఉన్నాయి. మూడు రోజుల నుంచి ఒక్కడే ఇసుక బస్తాలు మోస్తున్నాడని మేస్త్రీ చెప్పాడు.

"కాలవ పెట్టమని నేనూ రాయలేదులే తమ్ముడూ. పారలు పట్టించు. నీళ్ళు దింపుదాం," అన్నాను.

సముద్రం వైపు కాలవ కొట్టి ఆ నీళ్ళు దింపడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికే ఆలస్యమయింది. నెల తిరక్కుండా రెండు ముక్కలూ ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ ఒక్కో తల వెతుక్కున్న నాకు, ఆ రోజు ఎటు చూసినా అదే రంగు. చచ్చిన కర్రను పొయ్యిలోకే ఇచ్చాం.

అత్తయ్యకు ఈసారి ఏదీ దాచలేదు. విని, ఆ నాలుగెకరాల్లో ఏం పెడతావని అడిగింది. పల్లె వైపు కానుగ, గట్ల మీద తాడి, మధ్యలో కొంత జీడిమామిడి, వానలు రెండేళ్ళు ఉప్పు కడిగాక ఎక్కడైనా సర్వి అన్నాను. శాస్త్రవేత్త కూడా అన్నీ ఒకే జాతి పెట్టొద్దందని చెప్పాను. "సర్వి తోట అని ఎట్టా అంటారిక దాన్ని?" అంది. కాసేపటికి, "పెట్టు," అంది. ఆ తర్వాతి వేసవిలో ఆమె పోయింది. తోటలో కొత్త కానుగ మొక్కలు మోకాలెత్తు ఉన్నాయని చెప్పిన వారానికి.

ఇప్పటికీ పదిహేను రోజులకోసారి వెళ్తున్నాను. తమ్ముడు తన నేలలో గట్టు పొడవునా కాలవ తవ్వించాడు. చెరువులు సగం ఎండి ఉన్నాయి, సగం వేరెవరికో ఇచ్చాడు. ఆరో ముక్కలో ఏటా కొన్ని ఎర్రబడుతూనే ఉన్నాయి. తీసిన చోటల్లా కానుగ పెడుతున్నాం. అవి పెరిగేలోగా పాతవి ఆగుతాయో లేదో చెప్పగలిగినవాళ్ళు లేరు.

కిందటి ఆదివారం ఎండలో తిరిగి వచ్చి మేస్త్రీ ఇంటి ముందు కూర్చుని, దాహమేసి బోరింగు దగ్గరకు వెళ్ళబోయాను. అతని భార్య గబగబా వచ్చి నా చేతిలోని చెంబు తీసుకుంది.

"అది తాగకమ్మా. నెల నుంచి మేమూ తాగట్లేదు," అని లోపలి నుంచి, కొని తెచ్చుకున్న టిన్ను నీళ్ళు వంచి తెచ్చింది.

నేను ఆ చెంబు పక్కన పెట్టి, బోరింగు కొట్టి, దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. నాలుకకు ఉప్పు తగిలింది. ఆమె నన్నే చూస్తూ నిలబడింది. ఉమ్మేయడానికి మొహమాటపడి మింగేశాను.

"ఎక్కువేం కాదులే పిన్నీ," అన్నాను.

"కిందటి నెల ఇంతకూడా లేదమ్మా," అంది.